మ్యూనిక్‌లో కాన్పు, ప్రొద్దుటూరులో బెంగ

ప్రశ్న:

అమ్మా, మాది ప్రొద్దుటూరు. అత్తగారిది ధర్మవరం. ఇద్దరం మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఆయన వచ్చి నాలుగేళ్లు, నేను వచ్చి రెండేళ్లు. నాకిప్పుడు ఐదో నెల నిండింది. 2026 జనవరి ఆఖరి వారంలో డేట్ ఇచ్చారు. ఇక్కడి డాక్టర్ నెలకోసారి రమ్మంటుంది, ఐదు నిమిషాలు చూసి అంతా బాగుంది, వెళ్లు అంటుంది. ఇప్పటికి రెండే స్కాన్లు. మా చెల్లెలికి కర్నూల్లో నెలనెలా స్కాన్, సంచీ నిండా మాత్రలు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, ఏడో నెలలో వచ్చేయమని అత్తమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. మా అమ్మకు బీపీ, మోకాళ్ల నొప్పులు. ఎప్పుడూ విమానం ఎక్కలేదు. వస్తానంటుంది కానీ భయపడుతోంది. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటారు. ఆఫీసులో ఇంకా చెప్పలేదు, ఉద్యోగం ఏమవుతుందోనని టెన్షన్. పైగా, అక్కడ ఆడో మగో చెప్తారంట కదా అని అత్తమ్మ అడుగుతోంది. ఎవరికి ఏం చెప్పాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

- పేరు వద్దన్న సోదరి, మ్యూనిక్

జవాబు:

నువ్వు అనే పిలుస్తాను తల్లీ, మా రెండో అమ్మాయి ఈడుదానిలా ఉన్నావు. ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కాన్పు మ్యూనిక్‌లోనే కానీ. ఏడో నెలలో ఇండియాకు రావద్దు. అమ్మను తప్పకుండా పిలిపించుకో, కానీ కాన్పుకు ముందు కాదు, కాన్పయిన రెండు మూడు వారాలకు. అమ్మ తర్వాత అత్తమ్మను కూడా పిలువు. "నీ ఇష్టం" అన్న మనిషి మాత్రం ఈ పూటే నీ పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదవాలి.

కర్నూలు పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా పెద్దమ్మాయి కాన్పుకు జర్మనీ వెళ్లి అక్కడి పద్ధతి కూడా చూశాను. రెండు వైపులా చూసినదానిగా చెప్తున్నాను.

పుట్టింటికి రావడం తప్పని నేను అనడం లేదు. మన సీమలో తొలి కాన్పు పుట్టింట్లో అనే ఆచారానికి మంచి కారణమే ఉంది. అత్తగారింట్లో కోడలు నడుం వాల్చాలంటే మొహమాటం, అమ్మ దగ్గర ఆ మొహమాటం ఉండదు. కానీ ఆ ఆచారం పుట్టిన రోజుల్లో పుట్టిల్లంటే బండి మీద ఒక పూట దూరం. నీకు అది వీసాల దూరం. ఏడో నెల అంటే ఇరవై ఎనిమిది వారాలు. అప్పటి నుంచి చాలా విమాన సంస్థలు డాక్టర్ లెటర్ అడుగుతాయి, ముప్పై ఆరు వారాలు దాటితే ఎక్కించుకోవు. కాబట్టి రావడం వరకు రాగలవు. చిక్కంతా తిరిగి వెళ్లడంలో. బిడ్డ ఇక్కడ పుడితే మున్సిపాలిటీలో జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఆ తర్వాత బిడ్డ పేరు మీద జర్మనీ దీర్ఘకాల వీసా, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అయ్యేదాకా నువ్వు ఇక్కడే. మామూలు రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు ఆరు నెలలకు మించి బయట ఉంటే ఆ పర్మిటే రద్దయ్యే ప్రమాదం ఉంది. పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డుకైతే పన్నెండు నెలలు. నవంబరులో వచ్చి, జనవరిలో కని, బిడ్డ వీసా వచ్చేసరికి ఎన్ని నెలలవుతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకో. ఇక్కడి ఆసుపత్రి ఖర్చు అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఇవ్వదు. తల్లిదండ్రులకు నెలనెలా ఇచ్చే ఎల్టర్న్‌గెల్డ్ కూడా జర్మనీలో నివాసం ఉన్నవాళ్లకే. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డ తండ్రి మొదటి నెలలన్నీ ఫోన్ తెర మీదే ఉంటాడు.

ఇక డాక్టర్ పట్టించుకోవడం లేదన్న బాధ. అక్కడి పద్ధతే అది. మామూలుగా సాగే గర్భానికి నెలకోసారి, చివరి రెండు నెలల్లో రెండు వారాలకోసారి చూస్తారు. స్కాన్లు మూడే: తొమ్మిది నుంచి పన్నెండు వారాల మధ్య ఒకటి, పందొమ్మిది నుంచి ఇరవై రెండు మధ్య రెండోది, ఇరవై తొమ్మిది నుంచి ముప్పై రెండు మధ్య మూడోది. నీకు రెండు అయ్యాయంటే లెక్క సరిగ్గానే ఉంది. తేడా ఏదైనా కనిపిస్తే అదే డాక్టర్ వారానికోసారి కూడా పిలుస్తుంది. మీ చెల్లెలి సంచీతో పోల్చుకోకు. స్కాన్లు ఎక్కువైతే కాన్పు సులువవుతుందనేది నా సర్వీసులో నేను చూడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి నలభై రెండు కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ మీద నాకు కోపం లేదు, అవసరమైన చోట అది ప్రాణం నిలబెడుతుంది. పంతులు గారు ఇచ్చిన ముహూర్తానికి కోసే ఆపరేషన్ల మీదే నా కోపం. నీ డేట్‌కు కూడా ఎవరైనా ముహూర్తం పంపితే, ఇక్కడి డాక్టర్లు ఒప్పుకోరు అని ఒక్క మాట చెప్పి ఊరుకో.

ఒక పరీక్ష మాత్రం వదలొద్దు. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది వారాల మధ్య గ్లూకోజ్ నీళ్లు తాగించి షుగర్ చూస్తారు. మన ఉపఖండం ఆడవాళ్లకు గర్భంలో షుగర్ వచ్చే అవకాశం యూరప్ వాళ్లకన్నా ఎక్కువ. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పు, వాళ్లు అడగలేదని ఊరుకోకు.

నీ ఉత్తరంలో అసలు కనిపించని మాట ఒకటుంది: హెబామె. మిడ్‌వైఫ్. ఇన్ని నెలలు ఆమె లేకుండా ఎలా గడిపావో గానీ, ఈ రోజే వెతకడం మొదలుపెట్టు. జర్మనీ చట్టం ప్రకారం ప్రతి కాన్పులోనూ హెబామె ఉండి తీరాలి. మామూలు కాన్పును డాక్టర్ లేకుండా ఆమె ఒక్కతే చేయగలదు, ఆమె లేకుండా డాక్టర్ చేయకూడదు. 2020 నుంచి ఆ వృత్తికి డిగ్రీ చదువు పెట్టారు. నెలనెలా నిన్ను చూసే డాక్టర్ కాన్పు రోజు ఆసుపత్రికి రాదు, ఈ సంగతి చాలామంది మనవాళ్లకు చివరి దాకా తెలియదు. అక్కడ డ్యూటీలో ఉన్న హెబామె, డాక్టర్లే చూస్తారు. వాళ్లకు నీ గురించి తెలిసేది, నీ పరీక్షల వివరాలన్నీ రాసే ముట్టర్‌పాస్ అనే పుస్తకం చూసే. ఆ పుస్తకం ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి, కూరగాయలకు వెళ్లినా సరే.

ఆసుపత్రిలో ఉండే హెబామె వేరు, ఇంటికొచ్చే హెబామె వేరు. నువ్వు వెతుక్కోవలసింది రెండో ఆమెను. ఇంటికి చేరాక మొదటి పది రోజులు రోజూ, ఆ తర్వాత పన్నెండు వారాల దాకా అవసరాన్ని బట్టి వస్తుంది. బిడ్డ బరువు, బొడ్డు, పచ్చకామెర్లు, నీ కుట్లు, పాలు పట్టడం, నీ మనసు ఎలా ఉందో కూడా చూస్తుంది. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఇదంతా ఉచితం, ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే మీ ఒప్పందం చూసుకోండి. మ్యూనిక్ లాంటి నగరంలో గర్భం అని తెలిసిన వారంలోనే ఆడవాళ్లు హెబామె కోసం ఫోన్లు మొదలుపెడతారు. ఐదో నెలంటే ఆలస్యమే, అయినా దొరకకపోదు. మీ ఇన్సూరెన్స్ వాళ్లను, కాన్పు అనుకుంటున్న ఆసుపత్రిని, ఆఫీసులో పిల్లలున్న ఆడవాళ్లను అడుగు. జనవరి ఆఖర్లో పండుగ సెలవులేమీ ఉండవు, అది నీకు కలిసొచ్చే విషయమే. ఆసుపత్రిలో కూడా పేరు నమోదు చేసుకోవాలి. రెండు చోట్ల చూసి రండి. నెలలు నిండని బిడ్డల విభాగం ఉందా, రాత్రిపూట కూడా వెన్నులో నొప్పి తగ్గించే ఇంజక్షన్ ఇచ్చే డాక్టర్ ఉంటారా, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఉన్నారా, ఈ మూడు అడుగు. గదికి ఏ రంగు వేశారో చూడనక్కర్లేదు.

ఇప్పుడు అమ్మ సంగతి.

జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ విజిటర్ వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండనిస్తారు. ఇంట్లో అందరూ ఏం చేస్తారంటే, డేట్‌కు నెల ముందే అమ్మను దింపుతారు. తొలి కాన్పు తరచూ డేట్ దాటి వారం జరుగుతుంది. అంటే తొంభైలో ముప్పై, ముప్పై ఐదు రోజులు అమ్మ కిటికీలోంచి మంచు చూస్తూ గడుపుతుంది. మ్యూనిక్‌లో జనవరిలో సాయంత్రం ఐదు కాకముందే చీకటి. ఫుట్‌పాత్ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి కాలు జారితే నీకు ఇద్దరు రోగులు. కాన్పు గదిలోకి సాధారణంగా ఒక్కరినే తోడు రానిస్తారు, అక్కడ మాట్లాడగలిగింది మీ ఆయనే కాబట్టి ఆయనే వెళ్తాడు. అమ్మ ఆ రాత్రంతా తెలుగు మాట వినబడని ఇంట్లో ఒంటరిగా ఫోన్ పట్టుకుని వణుకుతూ కూర్చోవాలి. ఎవరికి లాభం?

నిజంగా మనిషి కావలసింది మూడో వారం నుంచి. అప్పటికి చూడవచ్చేవాళ్ల పలకరింపులు తగ్గుతాయి, హెబామె రోజూ రాదు, మీ ఆయన సెలవు అయిపోవస్తుంది, నీకు నిద్ర లేక కళ్లు పీక్కుపోయి ఉంటాయి. ఆ వేళకు అమ్మ వచ్చి వేడి అన్నం ముందు పెడితే చాలు. ఫిబ్రవరి మధ్యలో వస్తే మే మధ్య దాకా ఉంటుంది. చలి విరుగుతుంది, బిడ్డను బండిలో వేసుకుని పార్కు దాకా నడవగలదు. ఆమె వెళ్లే వేళకు అత్తమ్మ రావాలి, మే నుంచి ఆగస్టు దాకా. ధర్మవరం ఎండల్లోంచి తప్పించుకుని వస్తుంది, ఆమెకూ హాయే. ఇద్దరినీ ఒకేసారి పిలవొద్దు. రెండు గదుల ఇంట్లో ఇద్దరు వియ్యపురాళ్లు, ఒక బాలింత, ఒక పసిబిడ్డ - నేను చెప్పనక్కర్లేదు.

వీసా పనులు మాత్రం ఇప్పుడే కదపాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లికేషన్ పెట్టొచ్చు. ఖర్చంతా మేమే భరిస్తామని మీరు అక్కడి విదేశీయుల కార్యాలయంలో రాసిచ్చే హామీ పత్రం ఒకటి ఉంటుంది, దానికి అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యం. కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ చూపించాలి. అది మామూలుగా పాత జబ్బులకు డబ్బివ్వదు. కాబట్టి అమ్మ బీపీ మాత్రలు మొత్తం తొంభై రోజులకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా, చేతిసంచీలోనే పెట్టాలి. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ సహాయం అడుగు, దానికి డబ్బు తీసుకోరు. మోకాళ్ల కోసమే కాదు, మొదటిసారి ఎక్కే మనిషికి ఎయిర్‌పోర్టులో దారి వెతుక్కునే బాధ తప్పుతుంది. "నేనేమన్నా నడవలేనిదాన్నా" అని అమ్మ అలుగుతుంది. అలగనీ.

ఆమె పెట్టె సర్దే రోజు పక్కింటివాళ్లంతా సలహాలిస్తారు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా రెండూ ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, ఆకుకూరలకు ధ్రువపత్రం అడుగుతారు. అక్కడి వెన్న మంచిది, కాచుకుంటే నెయ్యే. శొంఠి, వాము, మెంతులు, రాగిపిండి, వెల్లుల్లి కారం, కొర్రలు తెచ్చుకోమను, ఇవి చాలు.

వచ్చిన అమ్మకు, అక్కడి హెబామెకు మధ్య నువ్వు ఇరుక్కుంటావు, అది ఖాయం. కాబట్టి ఏ విషయంలో అమ్మ మాట, ఏ విషయంలో హెబామె మాట అనేది ఇప్పుడే తేల్చుకో. వంటిల్లు పూర్తిగా అమ్మది. కాయం ముద్ద, వెల్లుల్లి చారు, సంకటి, ఆకుకూర పప్పు ఏది పెట్టినా తిను, మన బాలింత తిండిలో చెడ్డదేమీ లేదు, కారం కాస్త తగ్గిస్తే. కానీ బాలింత నీళ్లు తాగకూడదంటే వినకు. పాలిచ్చే తల్లి దాహం వేసినప్పుడల్లా తాగాలి. మా వార్డులో పెదాలు ఎండిపోయిన బాలింతలను ఎంతమందిని చూశానో. తలకు గుడ్డ కట్టుకోమంటే కట్టుకో, ఆ చలికి అది మంచిదే.

బిడ్డ విషయంలో మాత్రం హెబామె, పిల్లల డాక్టర్ చెప్పిందే చివరి మాట. పుట్టగానే నాలుకకు తేనె రాయడం వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెలోని క్రిములతో ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. ఆముదం పట్టొద్దు, చెవుల్లో, ముక్కులో నూనె పోయొద్దు. ఒళ్లంతా నూనెతో మెల్లగా నిమరడం మంచిదే, నిమరనీ. సాంబ్రాణి పొగ అసలు వద్దు. పసి ఊపిరితిత్తులకు పొగ పడదు, పైగా అక్కడ ప్రతి ఇంట్లోనూ పడకగది పైన పొగ పసిగట్టే అలారం ఉంటుంది. అది కూసిందంటే పై అంతస్తు వాళ్లతో సహా అందరూ మెట్ల మీదికి వస్తారు.

"భుజం మీద టీకా ఎందుకు వేయలేదు?" అని అమ్మ తప్పకుండా అడుగుతుంది. బీసీజీ టీకాను జర్మనీలో 1998 నుంచి సిఫారసు చేయడం లేదు, క్షయ అక్కడ అంత తక్కువ. విటమిన్ కె చుక్కలు మాత్రం వేస్తారు, ఇంటికొచ్చాక రోజూ విటమిన్ డి ఇస్తారు. నీ బిడ్డ చలికాలంలో పుడుతుంది కాబట్టి, ఆర్‌ఎస్‌వి అనే ఊపిరితిత్తుల వైరస్ నుంచి కాపాడే ఇంజక్షన్ ఆసుపత్రిలోనే ఇస్తామంటారు. 2024 నుంచి పసిబిడ్డలందరికీ అది సిఫారసు. వద్దనకు.

మీ ఆయన దగ్గరికి వద్దాం. "నీ ఇష్టం" అనే మాటలో ప్రేమ లేదని నేను అనను. మన ఇళ్లల్లో కాన్పు వేళ మగవాళ్లకు మిగిలే పని ఆటో పిలవడం, బిల్లు కట్టడం, మిఠాయి పంచడం. మిగతాదంతా ఆడవాళ్లు చూసుకుంటారు కాబట్టి అతనికి ఏ పనీ నేర్పలేదు ఎవరూ. కానీ అక్కడ నీకు పుట్టిల్లు అతనే. నాయనా, నువ్వు కూడా చదువుతుంటే విను. కాన్పుకు తయారు చేసే క్లాసులకు భార్యతో పాటు వెళ్లు. నీ ఫీజు నువ్వు కట్టుకోవలసి రావచ్చు, కట్టు. డైపర్ మార్చడం, స్నానం చేయించడం, సంకటి కెలకడం జనవరి లోపల నేర్చుకో. మూడోది ఎవరైనా నేర్పుతారు, యూట్యూబ్ ఉంది.

సెలవు సంగతి జాగ్రత్తగా చూడు. తండ్రులకు ప్రత్యేకంగా ప్రసూతి సెలవు జర్మనీలో లేదు, ఎల్టర్న్‌ట్సైట్ అనే తల్లిదండ్రుల సెలవే తీసుకోవాలి. కావలసిన రోజుకు ఏడు వారాల ముందే ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి, అంటే డిసెంబరు మొదటి వారం లోపలే. తేదీ రాయకుండా "బిడ్డ పుట్టిన రోజు నుంచి" అని రాయి. ఎల్టర్న్‌గెల్డ్ లెక్క క్యాలెండర్ నెలల ప్రకారం కాదు, బిడ్డ పుట్టిన తేదీ నుంచి నెల నెలగా. ఇద్దరూ ఒకేసారి పూర్తి డబ్బు తీసుకోవడానికి, మామూలు కాన్పుల్లో, 2024 ఏప్రిల్ తర్వాత ఒక్క నెలకే అనుమతి ఉంది. ఆ నెల బిడ్డ పుట్టిన మొదటి ఏడాదిలోదే కావాలి, మీరు మొదటి నెలనే ఎంచుకోండి. మొత్తం మీద నికర జీతంలో దాదాపు మూడింట రెండు వంతులు, ఎంత జీతమైనా నెలకు 1,800 యూరోలకు మించదు. పుట్టిన మూడు నెలల లోపల అప్లికేషన్ వేయకపోతే ముందు నెలల డబ్బు పోతుంది.

ఆఫీసులో చెప్పడానికి భయపడుతున్నావు. తల్లీ, చెప్పకపోవడమే నష్టం. గర్భిణిని ఉద్యోగంలోంచి తీసేయడం అక్కడ చట్టప్రకారం కుదరదు, ప్రొబేషన్‌లో ఉన్నా సరే, కాన్పయిన నాలుగు నెలల దాకా. నీది గడువున్న కాంట్రాక్టు అయితే మాత్రం ఆ గడువు తేదీకి అది ముగుస్తుంది, అది వేరే సంగతి, చూసుకో. డేట్‌కు ఆరు వారాల ముందు నుంచి, కాన్పయ్యాక ఎనిమిది వారాల దాకా నీకు సెలవు. ప్రభుత్వ ఇన్సూరెన్స్ రోజుకు 13 యూరోల దాకా ఇస్తుంది, మిగతాది ఆఫీసు కలిపి దాదాపు నీ చేతికొచ్చే జీతం అంతా అందుతుంది. ఈ సోమవారమే మేనేజర్‌కు చెప్పు. నీ నిద్రలో సగం ఆ రాత్రే తిరిగొస్తుంది.

కాగితాల పని ప్రొద్దుటూరులో మీ నాన్నకు అప్పజెప్పు. ఊరికే బెంగపడుతూ కూర్చునే మనిషికి పని దొరుకుతుంది. మీ ఇద్దరి జనన ధ్రువపత్రాలు, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం తీయించమను. పాత జనన పత్రాల్లో చాలాసార్లు బిడ్డ పేరే ఉండదు, "ఆడ శిశువు" అని ఉంటుంది. మున్సిపాలిటీలో పేరు చేర్పించుకోవాలి. ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ఒట్టి పొడి అక్షరం ఉంటే అక్కడి రిజిస్ట్రార్ అధికారి ముగ్గురు వేర్వేరు మనుషులనుకుంటాడు. ఇప్పుడే అన్నీ పాస్‌పోర్టుతో సరిపోల్చుకోండి. పత్రం విదేశాల్లో చెల్లేలా ఢిల్లీలో వేసే అపోస్టిల్ ముద్ర వేయిస్తే సరిపోతుందని ఏజెంట్లు చెప్తారు. జర్మనీ మన దేశపు అపోస్టిల్‌ను ఒప్పుకోలేదు. కాబట్టి ఏం కావాలో ముందు మీ రిజిస్ట్రార్ ఆఫీసును అడిగి, తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి. జర్మన్ అనువాదం మాత్రం అక్కడ ప్రమాణం చేసిన అనువాదకుడితోనే. బిడ్డకు మీ ఇంటిపేరా, ఆయన ఇంటిపేరా అనేది ఆసుపత్రిలోనే ఫారం మీద అడుగుతారు. స్పెల్లింగ్ ముందే కాగితం మీద రాసి సంచీలో పెట్టుకోండి.

మీ ఆయనకు ఐదేళ్లు నిండలేదు కాబట్టి బిడ్డకు పుట్టుకతో జర్మన్ పౌరసత్వం రాదు, మన పౌరసత్వమే. బయట దేశంలో పుట్టిన బిడ్డను ఏడాది లోపల భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. మ్యూనిక్‌లోనే మన కాన్సులేట్ ఉంది. అక్కడే పాస్‌పోర్టు, దాని మీద ఆరు నెలల లోపల జర్మనీ రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లికేషన్. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2026 జనవరి నుంచి నెలకు 259 యూరోలు, దానికీ ఫారం నింపాలి. ఈ పేరాలోని పనులన్నీ మీ ఆయనవి, నువ్వు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు.

ఆడో మగో అన్న ప్రశ్న. ఇక్కడ చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అక్కడ నేరం కాదు, అడిగితే డాక్టర్ చెప్పేస్తుంది. మీ ఇద్దరికీ తెలుసుకోవాలని ఉంటే తెలుసుకోండి. ధర్మవరానికి మాత్రం చెప్పొద్దు. అత్తమ్మ చెడ్డదని కాదు. ఆమెకు చెప్తే చుట్టాలందరికీ తెలుస్తుంది, మిగిలిన నాలుగు నెలలూ ఎవరెవరి ఓదార్పులో, సంబరాలో నీకు ఫోన్‌లో వినపడతాయి. "మేం అడగలేదత్తమ్మా" అను. ఇలాంటి అబద్ధానికి పాపం అంటదు.

ఒంటి విషయం ఒక్కటి, నర్సుగా. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా, కళ్లు మసకబారేంత తలనొప్పి వచ్చినా గూగుల్ చూడొద్దు, నాకు రాయొద్దు, మీ అమ్మకు ఫోన్ చేయొద్దు. నేరుగా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి, లేదంటే 112. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపొస్తుంది, చాలామందికి వస్తుంది, పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, హెబామెకు చెప్పు. అది జబ్బు, మందుంది. "అంత మంచి భర్త, అంత మంచి ఉద్యోగం, నీకేం తక్కువ" అనేవాళ్ల మాట అప్పుడు వినొద్దు.

చివరగా అత్తమ్మ. ఆమె మీద నీకు చిరాకు ఉన్నట్టుంది. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ మంది అత్తలు కోడల్ని పుట్టింటికి పంపేది లేదని ఏడిపించేవాళ్లు. ఈమె పుట్టింటికే వెళ్లమంటోంది. తన ఇంటికి రమ్మనడం లేదు, నిన్ను మీ అమ్మ దగ్గర ఉండమంటోంది. ఆ మాట మంచి మనసుతో వచ్చిందే. రోజూ నువ్వొక్కదానివే వాదించకు. ఈ ఆదివారం మీ ఆయనే ఫోన్ చేసి మూడు ముక్కల్లో చెప్పాలి: కాన్పు ఇక్కడే, మా అత్తగారు ఫిబ్రవరిలో వస్తారు, నువ్వు మేలో రావాలమ్మా, పాస్‌పోర్టుకు రేపే అప్లై చెయ్యి. పాస్‌పోర్టు పని మొదలయిందంటే ఏడో నెల మాట మళ్లీ రాదు, చూడు.

తొట్టెల పండుగ ధర్మవరంలోనే చేస్తామని మాటివ్వండి, నవంబరు మధ్యలో. అప్పటికి బిడ్డకు తొమ్మిది నెలలు నిండుతాయి. తట్టు టీకా అక్కడ మామూలుగా పదకొండో నెలలో వేస్తారు, ఇండియా ప్రయాణం ఉందని ముందే చెబితే తొమ్మిది నెలల తర్వాత వేసే వీలుంది, బయలుదేరే ముందు పిల్లల డాక్టర్‌ను అడుగు. ఎండలు ఉండవు, దీపావళి అయిపోయి ఉంటుంది, అత్తమ్మ ఎంతమందిని పిలుచుకుంటుందో పిలుచుకోనీ. బిడ్డ పాస్‌పోర్టుతో పాటు రెసిడెన్స్ కార్డు కూడా చేతికొచ్చాకే టికెట్లు కొనండి.